కృప అని పేరు పెట్టబడిన కానుక

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయములు

  మీ దగ్గర బైబిలు ఉన్నట్లయితే కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయము తెరచి పెట్టుకొనండి. వంటపనిలో ఉండి వింటున్న తల్లులు అధ్యాయము గుర్తుపెట్టుకొంటే చాలు, మధ్యాహ్నము తీరికగా చదువుకోవచ్చు.

ఈ దినము మనము డబ్బు గురించి మాట్లాడుకోవాలి. సంఘములో డబ్బు మాట ఎత్తగానే కొందరి ముఖము మారిపోతుంది. పాస్టరుగారు కానుకల మీద ప్రసంగము మొదలుపెట్టారంటే ప్రహరీ గోడకో, మైకుసెట్టుకో ఏదో లోటు వచ్చిందని వెనుక చాపల మీద గుసగుసలు మొదలవుతాయి. అయితే అపొస్తలుడైన పౌలుగారు ఈ ఒక్క విషయము మీద రెండు పూర్తి అధ్యాయములు వ్రాశారు. ఒక వింత గమనించండి. డబ్బు పోగుచేయుట గురించే వ్రాసిన ఆ రెండు అధ్యాయములలో ఆయన డబ్బు అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు. దానికి ఆయన వేరే పేర్లు పెట్టారు. పరిచర్య అన్నారు, పాలిభాగము అన్నారు, దీవెన అన్నారు. అన్నిటికంటె ఎక్కువగా వాడిన మాట మాత్రము కృప. గ్రీకు భాషలో ఖారిస్. మనము ఏ కృపచేత రక్షింపబడ్డామని ప్రతి ఆదివారము చెప్పుకొంటామో, ఆ మాటే. 8వ అధ్యాయము 9వ వచనములో ధనవంతుడైన క్రీస్తు మన నిమిత్తము దరిద్రుడైన సంగతి చెప్పేటప్పుడు వాడిన మాటా అదే, కొరింథువారు చందా పూర్తి చేయవలసిన సంగతి చెప్పేటప్పుడు వాడిన మాటా అదే.

ఇంతకూ ఆ చందా దేనికి? కొంచెము వెనుకకు వెళ్దాము. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో అగబు అనే ప్రవక్త కరువు రాబోతున్నదని చెప్పాడు. క్లౌదియ చక్రవర్తి కాలములో ఆ కరువు వచ్చింది. యెరూషలేములోని విశ్వాసులు బీదలైపోయారు. తరువాత కొన్ని సంవత్సరములకు యాకోబు, కేఫా, యోహాను పౌలుగారికి సహవాసపు కుడిచేయి ఇచ్చినప్పుడు, బీదలను జ్ఞాపకము చేసికొనుమని మాత్రము కోరారు. గలతీయ పత్రిక 2వ అధ్యాయము 10వ వచనములో ఉంది. ఆ మాట ఆయన మరువలేదు. గలతీయ, మాసిదోనియ, అకయ ప్రాంతపు సంఘములన్నిటిలో ఆ బీదల కొరకు కానుక సిద్ధపరచారు.

ఇచ్చేవారెవరు, పుచ్చుకొనేవారెవరు అన్నది ఇక్కడ ముఖ్యము. ఇచ్చేవారు అన్యజనులలోనుండి వచ్చినవారు. పుచ్చుకొనేవారు యూదులు. వీరిద్దరూ ఒక పంక్తిలో కూర్చుని భోజనము చేయవచ్చునా లేదా అని అంతియొకయలో పేతురుగారికీ పౌలుగారికీ ముఖాముఖి మాట వచ్చింది. పంక్తి భోజనము గురించి మన ఊళ్లలో పుట్టినవారికి నేను వివరించి చెప్పనక్కరలేదు. ఒక పళ్లెములో చెయ్యి పెట్టడానికి వెనుకాడిన జనము దగ్గరకు, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరమునుండి, వారు ఎన్నడూ ముఖము చూడని మనుష్యుల కష్టార్జితము బయలుదేరింది.

ఇప్పుడు మాసిదోనియ సంగతి చూడండి. ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ పట్టణముల సంఘములవి. 8వ అధ్యాయము 2వ వచనము ప్రకారము వారు బహు శ్రమలలో ఉన్నారు, నిరుపేదలు. పౌలుగారు వారి దగ్గర ఎక్కువ ఎదురుచూడలేదని 5వ వచనమును బట్టి తెలుస్తుంది. వారే వచ్చి, మాకు కూడా ఈ పరిచర్యలో పాలు ఇవ్వండి అని బతిమాలుకొన్నారు. వింతగా లేదా? సాధారణముగా తీసుకొనేవాడు బతిమాలుతాడు. ఇక్కడ ఇచ్చేవాడు బతిమాలుచున్నాడు. కొరింథువారు మాత్రము వ్యాపారము బాగా జరిగే రేవుపట్టణపు మనుష్యులు. సంవత్సరము క్రిందటే ఉత్సాహముతో మొదలుపెట్టి, సగములో వదిలేశారు. సంఘ కమిటీలలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు.

బీదవానికి ఇచ్చే హక్కు ఉన్నది. ఈ సత్యమును మన తెలుగుదేశములో ఎరిగి ఆచరణలో పెట్టిన ఒక దైవజనుని గురించి చెప్పాలి. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. 1874లో తిరునల్వేలి ప్రాంతములో పుట్టిన తమిళుడు. 1903లో ఆయనా మరికొందరూ కలిసి తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించారు. విదేశపు డబ్బు ఆశించకుండా అక్కడి తమిళ క్రైస్తవులు తమ చందాలతో మిషనరీలను పంపడం మొదలుపెట్టారు. ఎక్కడికి? అప్పటి నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు. 1909లో అజరయ్యగారు తానే అక్కడికి వచ్చారు, తెలుగు నేర్చుకొన్నారు. అంటే దోర్నకల్ ప్రాంతపు తెలుగు పల్లెలలో సువార్త వినబడడానికి వెనుక, మన భాష రాని, మన ఊరి పేరు కూడా సరిగా పలకలేని ఎవరో తమిళ తల్లి ఇచ్చిన కానుక ఉంది. ఆమె మనకు మాసిదోనియ.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆ అధ్యక్ష మండలములో చేరిన విశ్వాసులు ఎక్కువగా మాల, మాదిగ కూలి కుటుంబములవారు. పగలంతా ఎవరి పొలములోనో పనిచేసి, సాయంత్రము గింజలు కూలిగా తెచ్చుకొని, దంచుకొని తినేవారు. వీరి దగ్గర ఏముంది, వీరికే మనము ఇవ్వాలి గాని అని ఎవరైనా అంటారు. దయతో అనే మాటే అది. అజరయ్యగారు అలా తలంచలేదు. పంట పండుగనాడు వారు గింజలు తెచ్చారు, కోడిపిల్లలు తెచ్చారు, గుమ్మడికాయలు తెచ్చారు. తరతరములుగా చెయ్యి చాచి పుచ్చుకొనడమే అలవాటైన మనిషి, తన బుట్ట నెత్తిన పెట్టుకొని గుడి మధ్యగా నడిచి బలిపీఠము ముందు దింపాడు. ఆ నడకలో అతని నడుము ఎంత నిటారుగా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ తరువాత అజరయ్యగారు క్రైస్తవ దానము మీద ఒక పుస్తకమే వ్రాశారు.

వంటకు బియ్యము కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే అలవాటు మన సంఘములలో చాలామంది స్త్రీలకు ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. మిజోరాము క్రైస్తవులలో 1910 నుండి ఇదే పద్ధతి నడుస్తున్నది. వారు దానిని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. పౌలుగారు 1 కొరింథీ 16వ అధ్యాయములో ఆదివారము ఆదివారము ప్రతివాడును తనకు కలిగిన కొలది తీసి నిలువచేయమని చెప్పిన పద్ధతికీ దీనికీ తేడా లేదు. నేను వచ్చిన తరువాత హడావిడిగా పోగుచేయవద్దు అని కూడా ఆయన చెప్పారు. పెద్ద ప్రసంగీకుడు వచ్చి, పాటలు పాడించి, కన్నీళ్లు తెప్పించి, అప్పుడు సంచి తిప్పడము ఆయనకు ఇష్టము లేదు.

ఈ మాట చెప్పడానికి ఒక కారణమున్నది. ఈ మధ్య ఒక సహోదరి మన కార్యక్రమానికి ఉత్తరము వ్రాశారు. పేరు, ఊరు చెప్పను. ఆమె కుమారునికి చిన్నతనమునుండి మూర్ఛ వ్యాధి ఉంది. టీవీలో ఒక ప్రార్థనా కార్యక్రమము చూశారు. విశ్వాసముతో విత్తనపు కానుక నాటితే నీ బిడ్డ బాగుపడతాడు, ఎంత పెద్ద విత్తనమో అంత పెద్ద అద్భుతము అని చెప్పారట. తెర మీద అకౌంటు నంబరు తిరుగుతున్నది. ఆమె మెడలో ఉన్న నానుతాడు తాకట్టు పెట్టి, చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, పదివేలు పంపారు. బిడ్డకు ఇంకా మూర్ఛలు వస్తూనే ఉన్నాయి. మళ్లీ ఫోను చేసి అడిగితే, నీ విశ్వాసము చాలలేదమ్మా, ఇంకొక విత్తనము నాటు అన్నారట. ఆమె ప్రశ్న ఒక్కటే. అయ్యా, నా విశ్వాసములో లోపమేమిటి?

అమ్మా, నీవు ఈ దినము వింటున్నావో లేదో నాకు తెలియదు. వింటుంటే, నీ బైబిలులో 2 కొరింథీ 8వ అధ్యాయము 12వ వచనము క్రింద గీత గీసుకో. సిద్ధమైన మనస్సు ఉంటే, మనిషికి కలిగినదానిని బట్టియే అది దేవునికి ప్రీతికరము, లేనిదానిని బట్టి కాదు అని పౌలుగారు అక్కడ చెప్పుచున్నారు. అప్పు అంటే లేనిదే కదా. లేనిది దేవుడు నీ దగ్గర అడగలేదు. ఆయన పేరు చెప్పి మనుష్యులు అడిగారు. 13వ వచనము కూడా చూడు. ఇతరులకు తేలికయు మీకు భారమును కావాలని ఇది చెప్పడము లేదని ఆయన స్పష్టముగా వ్రాశారు. నీ బిడ్డ జబ్బు నీ విశ్వాసమునకు పెట్టిన పరీక్ష మార్కు కాదు. బిడ్డను నరముల డాక్టరుగారికి చూపించు, మందులు మధ్యలో ఆపవద్దు. చాలామందికి మందులతో మూర్ఛలు అదుపులోనికి వస్తాయి. ప్రార్థన మాత్రము ఆపవద్దు, దానికి ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు.

కొందరు అడుగుతారు, మాసిదోనియవారు తమ శక్తికి మించి ఇచ్చారని 3వ వచనములోనే ఉంది కదా అని. ఉంది. అయితే వారంతట వారే ఇచ్చారని కూడా ఆ వచనములోనే ఉంది. వారికి ఎవరూ భయము చూపలేదు, ఆశ చూపలేదు. తిరిగి ఏమి వస్తుందని వారు అడగలేదు. ముందు తమ్మునుతామే ప్రభువుకు ఇచ్చుకొన్నారు, ఆ తరువాత డబ్బు. వరుస మారిస్తే అంతా మారిపోతుంది.

విత్తనము అనే మాట పౌలుగారే వాడారు కదా అని ఇంకొకరు అంటారు. నిజమే, 9వ అధ్యాయము 6వ వచనము. కాని 10వ వచనము దాకా చదవాలి. దేవుడు రెండు ఇస్తాడని ఉన్నది, విత్తువానికి విత్తనము, తినుటకు ఆహారము. వ్యవసాయము తెలిసిన ఇంటివారికి ఇది సులభముగా అర్థమౌతుంది. విత్తనపు గింజలు వేరే గాదెలో, తిండిగింజలు వేరే గాదెలో ఉంటాయి. బిడ్డ నోటి ముందున్న అన్నము తీసి ఎవరూ పొలములో చల్లరు. మరి పంట దేనికి? 11వ వచనము చెప్పుచున్నది, ఇంకా ఉదారముగా ఇవ్వగలుగుటకు. 12వ వచనము ప్రకారము దాని ఫలము బీదల అక్కరలు తీరడము, దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లడము. కారు రావడము ఆ పంటలో లేదు.

మలాకీ గ్రంథము 3వ అధ్యాయము సంగతేమిటి, దశమభాగమంతయు మందిరపు నిధిలోనికి తేవాలి కదా? తేవాలి. నేను దశమభాగమునకు వ్యతిరేకిని కాను, మా ఇంట్లో మొదట తీసేది అదే. అయితే ఆ దశమభాగము ఎవరి కొరకని ధర్మశాస్త్రమును అడగండి. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము 28, 29 వచనములు. మూడేండ్లకొకసారి ఆ దశమభాగమును ఊరిలోనే ఉంచాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తి పొందాలి. మలాకీ 3వ అధ్యాయములోనే, దశమభాగము మాటకు కొంచెము ముందు, 5వ వచనములో, విధవరాండ్రను బాధపెట్టేవారి మీద, కూలివారి కూలి బిగబట్టేవారి మీద దేవుడు తానే సాక్షిగా ఉంటానంటున్నాడు. 10వ వచనము కంఠస్థముగా వచ్చినవారిలో ఎంతమందికి 5వ వచనము వస్తుంది?

బీద విధవరాలి రెండు కాసుల గురించి మనమంతా ప్రసంగాలు విన్నాము. మార్కు 12వ అధ్యాయము చివర ఉంది. దాని ముందున్న 40వ వచనము చదవండి. దీర్ఘప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇండ్లు మ్రింగివేసే శాస్త్రుల గురించి ప్రభువు హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ముగిసీ ముగియకముందే ఒక విధవరాలు వచ్చి తన జీవనమంతా వేసింది. 13వ అధ్యాయము మొదట్లో, ఆ దేవాలయపు రాళ్లలో ఒకదాని మీద ఒకటి నిలువదని ప్రభువు చెప్పుచున్నాడు. ఆమె హృదయమును ప్రభువు మెచ్చుకొన్నాడు, సందేహము లేదు. ఆమె దగ్గర అది తీసుకొన్న వ్యవస్థను ఆయన మెచ్చుకొన్నాడని మాత్రము నేను అనుకోవడము లేదు. ఇంకొకటి. ఆయన ఆమెకు ఏమీ వాగ్దానము చేయలేదు. రేపు నీ ఇంట్లో నూరంతలు ఉంటుందని చెప్పలేదు. శిష్యులను పిలిచి వారికి చూపించాడు, అంతే. ఆమె ఆ మెప్పు వినిందో లేదో కూడా వ్రాయబడలేదు.

ఇక్కడ సంఘపెద్దలతోను, కోశాధికారులతోను రెండు మాటలు. ఇచ్చేవారి హృదయము గురించి మనము చాలా మాట్లాడతాము, పుచ్చుకొనేవారి లెక్క గురించి తక్కువ. పౌలుగారు అలా చేయలేదు. 8వ అధ్యాయము 20, 21 వచనములు చదవండి. ఈ గొప్ప మొత్తము విషయములో ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యముగా ఉండాలని ఆయన వ్రాశారు. నా సంగతి దేవునికి తెలుసు, లెక్కలు అడగడానికి మీరెవరు అని అపొస్తలుడు అనలేదు. తీతుతో పాటు సంఘములు ఏర్పరచిన మనుష్యులను పంపారు. యెరూషలేముకు వెళ్లేటప్పుడు ఆయన వెంట ఉన్నవారి పేర్లు అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము 4వ వచనములో ఉన్నాయి: బెరయవాడైన సోపత్రు, థెస్సలొనీకయులైన అరిస్తర్కు, సెకుందు, దెర్బేవాడైన గాయియు, తిమోతి, ఆసియవారైన తుకికు, త్రోఫిము. ఏడుగురు. ఒక్కని చేతిలో డబ్బు సంచి లేదు. మన సంఘములలో ఒకరే లెక్కించి, ఒకరే వ్రాసి, ఒకరే బ్యాంకుకు వెళ్లే చోట్లు ఎన్ని ఉన్నాయి? ఇప్పుడు గోడ మీద క్యూ.ఆర్. కోడ్ అంటిస్తున్నారు. అది ఎవరి ఫోనుకు వెళ్తుందో సంఘములో అందరికీ తెలియాలి. ఇద్దరు ఎదురుగా కూర్చుని సంచి విప్పండి, నెలకొకసారి లెక్క చదివి వినిపించండి. ఇది అవిశ్వాసము కాదు.

ఇంకొక పని కూడా ఉంది. ఆ సహోదరి లాంటి వారు మీ సంఘములో ఉంటారు. సిగ్గుచేత చెప్పరు. మెడ బోసిగా ఉండి, పసుపుతాడు మాత్రమే ఉంటే మన ఆడవారు ఒక చూపులో కనిపెడతారు. అప్పుడు కానుకల పెట్టె దారి తిరగాలి, ఇంటినుండి గుడికే కాదు, గుడినుండి ఇంటికి కూడా. 8వ అధ్యాయము 15వ వచనములో పౌలుగారు మన్నాను జ్ఞాపకము చేశారు. అరణ్యములో ఎక్కువ ఏరుకొన్నవానికి మిగలలేదు, తక్కువ ఏరుకొన్నవానికి కొరత కాలేదు. దాచుకొన్నది పురుగుపట్టింది. పౌలుగారికి ఆ మన్నా లెక్క చందా పుస్తకములోనికి ఎలా వచ్చిందో చూడండి. నీ దగ్గర ఎక్కువున్నది ఇప్పుడు వారి కొరతకు, రేపు వారి దగ్గర ఉన్నది నీ కొరతకు. ఎవరూ శాశ్వతముగా దాత కాదు, ఎవరూ శాశ్వతముగా యాచకుడు కాదు.

చివరికి ఆ కానుక ఏమైంది? పౌలుగారికి భయముండేది. రోమా 15వ అధ్యాయము 31వ వచనములో, తన పరిచర్య యెరూషలేములోని పరిశుద్ధులకు ప్రీతికరమగునట్లు ప్రార్థించండని కోరారు. డబ్బు వద్దంటారేమోనని భయము! అన్యుల చేతి సొమ్ము పుచ్చుకొంటే వారిని సహోదరులని ఒప్పుకొన్నట్లే. అందుకే ఆ సంచి అంత బరువు. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో సహోదరులు వారిని సంతోషముతో చేర్చుకొన్నారని ఉంది. కానుకను ఎవరు ఏమని అందుకొన్నారో లూకాగారు వ్రాయలేదు. కొద్ది దినములకే దేవాలయములో అల్లరి రేగింది, పౌలుగారు పట్టుబడ్డారు. కైసరయలో అధిపతియైన ఫేలిక్సు ఎదుట నిలిచి, నా స్వజనులకు దానద్రవ్యము అప్పగించుటకు వచ్చానని ఆయన చెప్పుకొన్నారు, 24వ అధ్యాయము 17వ వచనము. ఆ మాట చెవిని పడినందువల్లనేనేమో, ఈయన దగ్గర డబ్బు ఉంటుందని ఫేలిక్సు ఆశించి మాటిమాటికీ పిలిపించి మాట్లాడేవాడని 26వ వచనములో ఉంది. ఎన్నో సంఘముల డబ్బు ఆయన మాట మీద కదిలింది. ఇంకొక ఉత్తరము వ్రాస్తే ఫిలిప్పీవారు మళ్లీ పంపకపోరు. కొంచెము ముట్టజెప్పి బయటపడవచ్చు. ఆయన ముట్టజెప్పలేదు. రెండు సంవత్సరములు అక్కడే ఖైదులో ఉన్నారు.

ప్రార్థన చేసుకొందాము.

కృపగల తండ్రీ, తాకట్టు కొట్లో ఉన్న ఆ నానుతాడును, మూర్ఛతో పడిపోతున్న ఆ బిడ్డను నీవు ఎరుగుదువు. ఆ తల్లికి దగ్గరలో ఉన్న నీ సంఘమును లేపుము. పిడికెడు తీసి పెడుతున్న చేతులను, రాత్రివేళ లెక్కలు వ్రాస్తున్న చేతులను కాపాడుము. మా చేతులు మూసికొనిపోయిన చోట వాటిని తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.